ఈక్వల్స్ నేను పిలిస్తే ట్రూ, హ్యాష్‌సెట్ పిలిస్తే ఫాల్స్. ఎందుకిలా?

హాల్‌టికెట్22:

అందరికీ నమస్కారం. మూడు రోజులుగా ఒకే చోట ఇరుక్కుపోయాను, ఎవరైనా కాస్త చూసి చెప్పండి.

కాలేజీ అడ్మిషన్ల దరఖాస్తులు తీసుకునే చిన్న అప్లికేషన్ ఇది, జావా 17. ఒకే విద్యార్థి రెండుసార్లు అప్లై చేసినా ఒక్కసారే లెక్కలోకి రావాలి. అందుకని స్టూడెంట్ అనే క్లాస్ రాసి, హాల్ టికెట్ నంబరు ఒకటే అయితే రెండు ఆబ్జెక్టులూ ఒకటే అనేలా ఈక్వల్స్ రాశాను, హ్యాష్‌కోడ్ (ఆబ్జెక్ట్‌ని త్వరగా వెతకడానికి వాడే పూర్ణసంఖ్య) కూడా అదే నంబరు నుంచి వచ్చేలా రాశాను. వచ్చిన దరఖాస్తులన్నీ ఒక హ్యాష్‌సెట్‌లో (ఒకేలాంటివి రెండోసారి ఉంచుకోని సెట్) వేస్తున్నాను.

ఒకే హాల్ టికెట్ నంబరుతో రెండు ఆబ్జెక్టులు చేసి, మొదటిదాని మీద ఈక్వల్స్ పిలిచి రెండోదాన్ని ఇస్తే ట్రూ వస్తోంది. హ్యాష్‌కోడ్‌లు ప్రింట్ చేసి చూశాను, రెండూ ఒకటే. కానీ అవే రెండింటినీ సెట్‌లో వేస్తే సైజు 2 చూపిస్తోంది. అదే నంబరుతో మూడో ఆబ్జెక్ట్ చేసి సెట్‌లో ఉందా అని కంటెయిన్స్‌తో అడిగితే లేదంటోంది. నా ఈక్వల్స్ లోపల బ్రేక్‌పాయింట్ పెట్టాను, సెట్‌లో వేసేటప్పుడు అసలు అక్కడ ఆగడమే లేదు. నేరుగా పిలిస్తే మాత్రం ఆగుతోంది.

మెథడ్‌లో పెద్దగా ఏమీ లేదు, ఒక స్టూడెంట్‌ని తీసుకుని నంబర్లు పోల్చి బూలియన్ ఇస్తుంది, ఒక్క లైను. అమీర్‌పేటలో కోర్సు చేసినప్పుడు "రిఫరెన్స్ టైపు ఏదైనా సరే, ఆబ్జెక్ట్ ఏ క్లాస్‌దైతే ఆ క్లాస్ మెథడే రన్ అవుతుంది" అని నోట్సులో రాసుకున్నాను, ఇంటర్వ్యూల్లో కూడా అదే చెప్పాను. సెట్‌లో ఉన్నది స్టూడెంట్ ఆబ్జెక్టే కదా, మరి స్టూడెంట్‌లో ఉన్న ఈక్వల్స్ ఎందుకు రన్ అవడం లేదు? సోమవారం డెమో ఉంది, టెన్షన్‌గా ఉంది.

పాతజావా:

తమ్ముడూ, ముందు డెమో సంగతి చూద్దాం. నీ ఈక్వల్స్ స్టూడెంట్‌ని తీసుకుంటోంది కదా, దాన్ని ఆబ్జెక్ట్‌ని తీసుకునేలా మార్చు. లోపల ముందు ఇన్‌స్టాన్స్‌ఆఫ్‌తో వచ్చింది స్టూడెంటేనా అని చూసి, ఆ తర్వాత నంబర్లు పోల్చు. మెథడ్ పైన ఓవర్‌రైడ్ యానొటేషన్ పెట్టు. సైజు 1 అవుతుంది. మార్చే ముందు ఒక్కసారి, ఇప్పుడున్న మెథడ్ మీదే ఆ యానొటేషన్ పెట్టి కంపైల్ చేసి చూడు, కంపైలర్ ఒప్పుకోదు, నువ్వు దేన్నీ ఓవర్‌రైడ్ చేయడం లేదని, అంటే పై క్లాస్ మెథడ్ దేన్నీ మార్చి రాయడం లేదని, అక్కడికక్కడే చెప్పేస్తుంది.

ఇక ఎందుకు అన్నది. నీ నోట్సులో ఉన్న మాట తప్పు కాదు, కానీ సగమే. ఒక మెథడ్ కాల్ మీద నిర్ణయాలు రెండు జరుగుతాయి, రెండూ వేర్వేరు సమయాల్లో. మొదటిది కంపైలర్ చేస్తుంది. నువ్వు రాసిన కాల్ చూసి, అక్కడున్న వేరియబుల్స్‌కి నువ్వు డిక్లేర్ చేసిన టైపులు ఏంటో చూసి, ఆ పేరుతో ఉన్న మెథడ్స్‌లో ఏది సరిగ్గా సరిపోతుందో ఒకదాన్ని ఎంచుకుని, బైట్‌కోడ్‌లో, అంటే కంపైల్ అయ్యాక వచ్చే కోడ్‌లో, ఒక చీటీ రాసి పెడుతుంది. చీటీలో ఉండేది ఏ క్లాస్ దగ్గర మొదలుపెట్టి వెతకాలి, మెథడ్ పేరేంటి, అది ఏ టైపులు తీసుకుని ఏ టైపు తిరిగిస్తుంది అన్నవి. ఈ చివరిదాన్ని డిస్క్రిప్టర్ అంటారు. ఓవర్‌లోడింగ్, అంటే ఒకే పేరుతో వేర్వేరు టైపులు తీసుకునే మెథడ్స్ ఉండటం, ఇక్కడితో అయిపోతుంది, ఆ బైట్‌కోడ్‌ని నడిపే వర్చువల్ మెషీన్‌కి (జేవీఎం) ఓవర్‌లోడ్ అన్న మాటే తెలియదు. డిస్క్రిప్టర్ వేరైతే దాని దృష్టిలో అవి రెండు వేర్వేరు మెథడ్స్, పేరు ఒకటే కావడం దానికి లెక్కలోది కాదు.

రెండో నిర్ణయం రన్ అయ్యేటప్పుడు జేవీఎం చేస్తుంది. చీటీ తీసుకుని, అసలు చేతిలో ఉన్న ఆబ్జెక్ట్ ఏ క్లాస్‌దో చూసి, ఆ క్లాస్‌లో చీటీకి అక్షరం పొల్లుపోకుండా సరిపోయే మెథడ్ ఉంటే దాన్ని, లేకపోతే పై క్లాసుల్లో ఉన్నదాన్ని రన్ చేస్తుంది. నీ నోట్సులో ఉన్నది ఈ రెండోదే.

ఇప్పుడు నీ కేసు చూడు. నువ్వు నేరుగా పిలిచినప్పుడు రెండు వేరియబుల్సూ స్టూడెంట్ టైపే కాబట్టి కంపైలర్‌కి రెండు ఈక్వల్స్ కనిపించాయి, ఒకటి నీది, ఇంకోటి ఆబ్జెక్ట్ క్లాస్ నుంచి వచ్చింది. ఇచ్చింది స్టూడెంట్ కాబట్టి దగ్గరి టైపు నీదే, చీటీలో "స్టూడెంట్‌ని తీసుకునే ఈక్వల్స్" అని రాసింది. ట్రూ వచ్చింది. హ్యాష్‌సెట్ లోపల ఉన్నది హ్యాష్‌మ్యాపే. అందులో కీ టైపు జెనెరిక్, అది కంపైల్ అయ్యాక మిగిలేది ఆబ్జెక్టే. అక్కడ ముందు హ్యాష్ ఒకటేనా అని చూస్తారు, తర్వాత రెండూ ఒకే రిఫరెన్సా అని చూస్తారు, కాకపోతే అప్పుడు ఈక్వల్స్ పిలుస్తారు, ఆ కాల్ దగ్గర చీటీలో ఉన్నది "ఆబ్జెక్ట్‌ని తీసుకునే ఈక్వల్స్". ఆ చీటీ జేడీకే (జావా లైబ్రరీలు, కంపైలర్ ఉండే కిట్) తయారైన రోజే రాసేశారు, అప్పటికి నీ స్టూడెంట్ క్లాస్ పుట్టనే లేదు, మరి నీ మెథడ్ పేరు అందులోకి ఎలా వస్తుంది? రన్ అయ్యేటప్పుడు జేవీఎం స్టూడెంట్‌లో ఆ చీటీకి సరిపోయేది వెతికింది, లేదు, పైన ఆబ్జెక్ట్ క్లాస్‌లో ఉన్నది దొరికింది. అది రెండు రిఫరెన్సులూ ఒకటేనా అని మాత్రమే చూస్తుంది. ఫాల్స్.

నువ్వే కళ్లారా చూడాలంటే బైట్‌కోడ్ చూపించే జావాపీ కమాండ్‌కి సీ ఆప్షన్ ఇచ్చి నీ మెయిన్ క్లాస్ మీద నడుపు. కాల్ ఉన్న చోట ఇన్‌వోక్‌వర్చువల్ అని, పక్కనే కామెంట్‌లాగా ఆ చీటీ మొత్తం కనిపిస్తుంది. వేరియబుల్ టైపు ఆబ్జెక్ట్ అని మార్చి మళ్లీ కంపైల్ చేసి చూడు, చీటీ మారిపోతుంది.

హీప్‌డంప్:

పాతజావా గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్ట్. ఆ రెండో నిర్ణయం లోపల ఎలా జరుగుతుందో నేను కొంచెం చెప్తాను, ఎందుకంటే ఈ బగ్ ఆ బొమ్మలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. చెప్పేది హాట్‌స్పాట్ అనే జేవీఎం గురించి, మనలో చాలామంది వాడేది అదే.

జేవీఎం ప్రతి కాల్‌కీ పేర్లు పోల్చుకుంటూ క్లాసులన్నీ వెతకదు. ఒక కాల్ మొదటిసారి రన్ అయినప్పుడు మాత్రం చీటీ చదివి, అలాంటి మెథడ్ ఉందా, పిలవడానికి పర్మిషన్ ఉందా అని చూసి, దొరికినదాన్ని కాన్‌స్టంట్ పూల్ కాష్‌లో రాసుకుంటుంది. దీన్ని రిజల్యూషన్ అంటారు. ఆబ్జెక్ట్‌ని బట్టి ఎవరి కోడ్ రన్ అవ్వాలో తేల్చేదాన్ని సెలెక్షన్ అంటారు. జేవీఎం స్పెసిఫికేషన్‌లో ఈ రెండింటికీ వేర్వేరు సెక్షన్లు ఉన్నాయి.

రిజల్యూషన్‌లో దొరికేది దాదాపుగా ఒక నంబరు అనుకోండి, వీటేబుల్‌లో ఫలానా గడి అని. ప్రతి క్లాస్‌కీ ఒక వీటేబుల్ ఉంటుంది, అందులో ఒక్కో గడిలో ఒక్కో మెథడ్ అడ్రస్. కింది క్లాస్ తయారయ్యేటప్పుడు పై క్లాస్ పట్టిక మొత్తాన్ని అదే వరుసలో తెచ్చుకుంటుంది, ఓవర్‌రైడ్ చేసినవాటి గడుల్లో మాత్రం తన మెథడ్ అడ్రస్ రాసుకుంటుంది, కొత్త మెథడ్స్ ఉంటే చివర్లో కొత్త గడులు చేర్చుకుంటుంది. ఆబ్జెక్ట్ క్లాస్‌కి ఇలాంటి గడులు 5 ఉంటాయి: ఫైనలైజ్, ఈక్వల్స్, టుస్ట్రింగ్, హ్యాష్‌కోడ్, క్లోన్. వెయిట్, నోటిఫై, గెట్‌క్లాస్ లాంటివి ఫైనల్ మెథడ్స్, వాటిని ఎవరూ మార్చలేరు, కాబట్టి వాటికి గడే అక్కర్లేదు.

ఇప్పుడు మీ స్టూడెంట్ పట్టిక చూడండి. మొదటి 5 గడులు ఆబ్జెక్ట్ నుంచి వచ్చాయి. మీరు హ్యాష్‌కోడ్ సరిగ్గా రాశారు కాబట్టి ఆ గడిలో మీ అడ్రస్ పడింది. ఈక్వల్స్ గడిలో మాత్రం ఆబ్జెక్ట్ వాళ్ల అడ్రస్ అలాగే ఉండిపోయింది. మీరు రాసిన ఈక్వల్స్ డిస్క్రిప్టర్ వేరు కాబట్టి అది ఆ 5 దాటాక ఎక్కడో ఒక కొత్త గడిలో కూర్చుంది. హ్యాష్‌మ్యాప్ చూసేది పాత గడి, మీరు నేరుగా పిలిచినప్పుడు చూసేది కొత్త గడి. మీ బ్రేక్‌పాయింట్ ఉన్నది కొత్త గడిలోని మెథడ్‌లో, అక్కడికి హ్యాష్‌మ్యాప్ రానే రాదు.

కాల్ జరిగేటప్పుడు మెషీన్ చేసే పని చాలా తక్కువ. 64 బిట్ మెషీన్ మీద మీ జావా 17లో మామూలు సెట్టింగ్‌తో ప్రతి ఆబ్జెక్ట్ ముందూ 12 బైట్ల హెడర్ ఉంటుంది, 8 బైట్లు మార్క్ వర్డ్, 4 బైట్లు ఆ ఆబ్జెక్ట్ ఏ క్లాస్‌దో చెప్పే పాయింటర్. ఆ పాయింటర్ చదవాలి, దాన్ని పట్టుకుని వెళ్లి వీటేబుల్‌లో ఆ గడి చదవాలి, అక్కడున్న అడ్రస్‌కి దూకాలి. క్లాసులు పది అంతస్తులు ఉన్నా, మెథడ్స్ వంద ఉన్నా ఇంతే.

హాల్‌టికెట్22:

ఇద్దరికీ చాలా చాలా థాంక్స్. మార్చాను, సైజు 1 వచ్చింది! జావాపీలో చీటీ కూడా చూశాను, వేరియబుల్ టైపు మార్చగానే అది మారిపోవడం చూసి నిజంగా ఒళ్లు జలదరించింది, ఇన్నాళ్లూ ఇదంతా రన్ అయ్యేటప్పుడే జరుగుతుందనుకున్నాను.

రెండు డౌట్లు మిగిలాయి. ఒకటి, అదే స్టూడెంట్ క్లాస్‌కి కంపేరబుల్ (ఏది ముందో ఏది వెనకో పోల్చే ఇంటర్‌ఫేస్) కూడా ఇంప్లిమెంట్ చేశాను. అందులో నా కంపేర్‌టు మెథడ్ తీసుకునేది స్టూడెంట్‌నే, ఆబ్జెక్ట్‌ని కాదు. వరుసలో పెట్టుకునే ట్రీసెట్‌లో వేస్తే చక్కగా పని చేస్తోంది. ట్రీసెట్ కూడా జేడీకే వాళ్లు ఎప్పుడో రాసిందే కదా, దాని చీటీలో నా స్టూడెంట్ పేరు ఉండదు కదా, మరి ఇది ఎలా దొరుకుతోంది?

రెండోది, మా టీమ్ లీడ్ ఇంటర్‌ఫేస్ మీద కాల్స్ స్లో అని, వీలైనంతవరకు క్లాస్ టైపుతోనే డిక్లేర్ చేయమని కోడ్ రివ్యూలో రాస్తున్నారు. లిస్ట్ అని రాస్తే అరేలిస్ట్ అని మార్చమంటున్నారు. నిజమేనా?

పాతజావా:

మొదటి డౌట్ చాలా మంచిది, ఈ ప్రశ్న వచ్చిందంటే నీకు విషయం ఎక్కింది. నువ్వు కంపేరబుల్‌కి స్టూడెంట్ అని టైపు ఇచ్చి ఇంప్లిమెంట్ చేశావు. జెనెరిక్ టైపు కంపైల్ అయ్యాక చెరిగిపోతుంది, కాబట్టి ఇంటర్‌ఫేస్‌లో నిజంగా ఉన్న మెథడ్ "ఆబ్జెక్ట్‌ని తీసుకునే కంపేర్‌టు". ట్రీసెట్ లోపల ఉన్నది ట్రీమ్యాపే, అందులో ఉన్న చీటీ కూడా అదే. నువ్వు రాసింది స్టూడెంట్‌ని తీసుకునేది. వదిలేస్తే నీ ఈక్వల్స్‌కి జరిగిందే దీనికీ జరిగేది. అందుకే కంపైలర్ నీకు చెప్పకుండా నీ క్లాస్‌లో ఇంకో మెథడ్ రాసేస్తుంది, ఆబ్జెక్ట్‌ని తీసుకునే కంపేర్‌టు ఒకటి, అది చేసే పనల్లా వచ్చినదాన్ని స్టూడెంట్‌గా కాస్ట్ చేసి నీ మెథడ్‌ని పిలవడమే. దీన్ని బ్రిడ్జ్ మెథడ్ అంటారు. జావాపీతో స్టూడెంట్ క్లాస్ చూడు, కంపేర్‌టు రెండు కనిపిస్తాయి.

మరి ఈక్వల్స్‌కి ఎందుకు బ్రిడ్జ్ రాయలేదంటే, ఆబ్జెక్ట్ క్లాస్‌లోని ఈక్వల్స్ జెనెరిక్ కాదు. నువ్వు స్టూడెంట్‌ని తీసుకునేది రాస్తే, అది కావాలనే రాసిన వేరే మెథడ్ అనుకోవడం తప్ప కంపైలర్‌కి ఇంకో దారి లేదు.

బైట్‌కోడ్‌లో కాల్ చేసే ఇన్‌స్ట్రక్షన్లు మొత్తం 5 ఉన్నాయి, 182 నుంచి 186 వరకు వరుసగా, ఇది కూడా తెలుసుకుని ఉంచుకో. 182 ఇన్‌వోక్‌వర్చువల్, మనం చూసిందే. 183 ఇన్‌వోక్‌స్పెషల్, కన్‌స్ట్రక్టర్లకీ సూపర్ అని పిలిచేవాటికీ. ఇక్కడ చేతిలో ఉన్న ఆబ్జెక్ట్ ఏ క్లాస్‌దన్నదాన్ని బట్టి ఎంచుకోవడం ఉండకూడదు, సూపర్ అని పిలిస్తే మళ్లీ తిరిగొచ్చి మన మెథడ్‌లోకే పడితే ఎప్పటికీ తేలదు కదా. 184 స్టాటిక్ మెథడ్స్‌కి. 185 ఇన్‌వోక్‌ఇంటర్‌ఫేస్. 186 ఇన్‌వోక్‌డైనమిక్, 2011లో జావా 7తో వచ్చింది, ఆ కాల్ ఎటు వెళ్లాలో తేల్చే పని మొదటిసారి మన కోడ్‌కే అప్పగిస్తుంది. నువ్వు రాసే ల్యాంబ్డాలు దీని మీదే నడుస్తాయి. ఇంటర్‌ఫేస్ స్పీడు సంగతి హీప్‌డంప్ గారు చెప్తే బాగుంటుంది.

హీప్‌డంప్:

చెప్తాను. మీ లీడ్ గారి మాటకి ఒక మూలం ఉంది, కానీ ఆ కారణంతో కోడ్ మార్చడం మాత్రం సరికాదని నా గట్టి అభిప్రాయం.

మూలం ఏంటంటే, వీటేబుల్‌లో గడి నంబరు ఒకటే ఉండటం సాధ్యమైంది ఎందుకు? ప్రతి క్లాస్‌కీ పై క్లాస్ ఒక్కటే, వరుస మారదు. ఇంటర్‌ఫేస్‌కి అలా కుదరదు. కంపేరబుల్‌ని స్ట్రింగ్ ఇంప్లిమెంట్ చేస్తుంది, ఇంటీజర్ చేస్తుంది, మీ స్టూడెంటూ చేస్తుంది, వీటిలో కంపేర్‌టు ఒక క్లాస్‌లో 7వ గడిలో ఉంటే ఇంకో క్లాస్‌లో 12వ గడిలో ఉండొచ్చు. అందుకని ప్రతి క్లాస్‌కీ ఐటేబుల్ అని ఇంకో పట్టిక ఉంటుంది, అందులో ఆ క్లాస్ ఇంప్లిమెంట్ చేసిన ఇంటర్‌ఫేస్‌ల వరుస, ఒక్కోదాని కింద దాని మెథడ్స్. కాల్ వచ్చినప్పుడు ముందు ఆ వరుసలో మనకి కావలసిన ఇంటర్‌ఫేస్ ఎక్కడుందో వెతుక్కోవాలి, తర్వాత మెథడ్ తీసుకోవాలి. ఆ వెతుకులాటే అదనపు ఖర్చు.

కానీ వేడెక్కిన కోడ్‌లో, అంటే పదేపదే నడిచిన కోడ్‌లో, ఆ వెతుకులాట చాలావరకు జరగనే జరగదు, దీని వెనక పెద్ద కథ ఉంది. స్మాల్‌టాక్ అనే పాత భాషలో టైపులు డిక్లేర్ చేయడమే లేదు, ప్రతి కాల్‌కీ మెథడ్ పేరు పట్టుకుని ఆ ఆబ్జెక్ట్ సొంత క్లాస్ డిక్షనరీలో, అక్కడ లేకపోతే పై క్లాస్ డిక్షనరీలో వెతకాలి. ఇది మోయలేని ఖర్చు. 1984లో పీటర్ డాయిచ్, అలన్ షిఫ్‌మన్ ఒక పేపర్‌లో దీనికి దారి చూపించారు. ప్రోగ్రామ్‌లో ఒక కాల్ ఉన్న చోటుకి పోయినసారి ఏ క్లాస్ ఆబ్జెక్ట్ వచ్చిందో ఈసారీ చాలావరకు అదే వస్తుంది, కాబట్టి దొరికిన అడ్రస్‌ని ఆ కాల్ ఉన్న చోటనే కోడ్‌లో రాసేసి, వచ్చేసారి క్లాస్ అదేనా అని ఒక్క పోలిక మాత్రం చేయాలి అన్నారు. అదే ఇన్‌లైన్ కాష్. 1991లో సెల్ఫ్ అనే భాష మీద పని చేస్తున్న ఉర్స్ హోల్జ్‌లే, క్రెయిగ్ చేంబర్స్, డేవిడ్ ఉంగర్ దాన్ని ఒకటికి మించిన క్లాసులకి పెంచారు. సెల్ఫ్ మీద పని చేసిన కొందరే తర్వాత స్ట్రాంగ్‌టాక్ అనే స్మాల్‌టాక్ సిస్టమ్ మీద పని చేశారు, అక్కడి నుంచి 1999లో హాట్‌స్పాట్ వచ్చింది. క్రోమ్‌లో జావాస్క్రిప్ట్ నడిపే వీ8ని 2008లో తెచ్చిన లార్స్ బాక్ కూడా ఆ దారిలో వచ్చినవారే. మన ఫోన్‌లో వెబ్‌పేజీ వేగంగా కదులుతోందంటే అందులో ఆ స్మాల్‌టాక్ వాళ్ల పని ఉంది, నాకు ఈ రంగంలో అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే.

హాట్‌స్పాట్ ఏం చేస్తుందంటే, కోడ్ ఇంకా వేడెక్కని దశలో ప్రతి కాల్ దగ్గరా ఏ క్లాసుల ఆబ్జెక్టులు వచ్చాయో లెక్క రాసుకుంటుంది, మామూలుగా 2 క్లాసుల వరకు. తర్వాత హాట్‌స్పాట్ లోపల మెషీన్ కోడ్ తయారుచేసే సీ2 కంపైలర్ ఆ లెక్క చూస్తుంది. ఒకటే క్లాస్ వచ్చి ఉంటే, క్లాస్ అదేనా అని ఒక్క పోలిక పెట్టి, ఆ మెథడ్ కోడ్‌ని అక్కడే పరిచేస్తుంది. కాల్ అన్నదే ఉండదు. రెండు వస్తే రెండు పోలికలు. రెండు దాటి, అందులో ఏదీ ఎక్కువ పాలు కాకపోతే అప్పుడు వీటేబుల్ లేదా ఐటేబుల్ దారి. మీ లిస్ట్ వేరియబుల్‌లోకి ఎప్పుడూ అరేలిస్టే వస్తుంటే, మీరు లిస్ట్ అని రాసినా అరేలిస్ట్ అని రాసినా చివరికి మిగిలేది దాదాపు ఒకే మెషీన్ కోడ్.

ఇంకో సంగతి. ఒక క్లాస్‌లో ఒక మెథడ్ ఉంది, ఇప్పటిదాకా లోడ్ అయినవాటిలో దాన్ని ఓవర్‌రైడ్ చేసిన సబ్‌క్లాస్ ఏదీ లేదు అనుకోండి. అప్పుడు ఆ ఒక్క పోలిక కూడా తీసేస్తుంది. రేపు అలాంటి సబ్‌క్లాస్ ఏదైనా లోడ్ అయిందా, ఆ ఊహ మీద కట్టిన మెషీన్ కోడ్‌ని పక్కన పడేసి మళ్లీ ఇంటర్‌ప్రిటర్‌లోకి దిగుతుంది, దీన్ని డీఆప్టిమైజేషన్ అంటారు. అందుకే స్పీడు కోసమని మెథడ్స్‌కి ఫైనల్ తగిలించడం వల్ల సాధారణంగా వచ్చేదేమీ లేదు.

కొలవాలనుకుంటే జాగ్రత్త. ఒక లూప్‌లో మొదట ఒక్క క్లాస్‌తో కొలిస్తే చాలా వేగం, అదే లూప్‌లోకి మూడో క్లాస్ రాగానే ఒక్కసారిగా తగ్గిపోతుంది. ఏ క్లాస్‌ని మొదట కొలిస్తే అదే గెలిచినట్టు కనిపిస్తుంది. చేత్తో రాసిన టైమర్లతో కాకుండా జేఎంహెచ్ అనే కొలత టూల్‌తో, ఒక్కో కొలతకి విడిగా కొత్త జేవీఎం లేపి కొలవండి.

డల్లాస్‌నైట్‌షిఫ్ట్:

ఇది చదువుతుంటే రెండేళ్ల కిందటి రాత్రి గుర్తొచ్చింది, రాయకుండా ఉండలేకపోతున్నాను. చీటీలో తిరిగిచ్చే టైపు కూడా ఉంటుంది అని పాతజావా గారు ఒక్క ముక్కలో చెప్పి వెళ్లారు, ఆ ముక్క దగ్గరే మేం పడ్డాం.

మా టీమ్‌లో బిల్డ్ మెషీన్‌ని జేడీకే 11కి మార్చారు. సర్వర్లు ఇంకా జావా 8. సోర్స్ 8, టార్గెట్ 8 అని ఇచ్చాం కాబట్టి ఏం కాదనుకున్నాం. రాత్రి డిప్లాయ్ చేశాక నోసచ్‌మెథడ్‌ఎర్రర్, బైట్‌బఫర్‌లో ఫ్లిప్ అనే మెథడ్ లేదట. జావా 8 డాక్యుమెంటేషన్ తెరిచి చూస్తే బైట్‌బఫర్ పేజీలో ఫ్లిప్ కనిపిస్తూనే ఉంది! జార్ ఫైలు పాడైందేమోనని మళ్లీ బిల్డ్ చేశాం, క్లాస్‌పాత్‌లో రెండు వెర్షన్లు ఉన్నాయేమోనని వెతికాం, అక్కడ హైదరాబాద్‌లో ఉన్న మావాళ్లు పొద్దున్నే ఆఫీసుకి వచ్చేదాకా నేను ఒక్కడినే దానితో కూర్చున్నాను.

సంగతేంటంటే, జావా 8లో ఫ్లిప్ ఉన్నది పై క్లాస్ అయిన బఫర్‌లో, అది తిరిగిచ్చేది బఫర్. బైట్‌బఫర్‌కి అది వారసత్వంగా వచ్చింది అంతే, అందుకే ఆ పేజీలో కనిపిస్తుంది. జావా 9లో బైట్‌బఫర్ దాన్ని ఓవర్‌రైడ్ చేసి బైట్‌బఫర్‌నే తిరిగిచ్చేలా రాశారు, చెయిన్ చేసుకోవడానికి వీలుగా. జేడీకే 11 కంపైలర్ తన దగ్గరున్న కొత్త లైబ్రరీ చూసి "బైట్‌బఫర్‌ని తిరిగిచ్చే ఫ్లిప్" అని చీటీ రాసింది. సోర్స్, టార్గెట్ అన్నవి భాష నియమాలనీ క్లాస్ ఫైల్ వెర్షన్‌నీ మాత్రమే మారుస్తాయి, చూసే లైబ్రరీని మార్చవు. జావా 8 సర్వర్ ఆ చీటీ పట్టుకుని వెతికింది, బఫర్‌ని తిరిగిచ్చే ఫ్లిప్ ఉంది గానీ బైట్‌బఫర్‌ని తిరిగిచ్చేది లేదు. దానికి అవి రెండూ వేర్వేరు. సోర్స్‌లో ఒక్క అక్షరం మార్చలేదు, కంపైల్ చేసిన మెషీన్ మాత్రమే మారింది. బూట్‌స్ట్రాప్ క్లాస్‌పాత్ సెట్ చేయలేదని కంపైలర్ ప్రతి బిల్డ్‌లో వార్నింగ్ ఇస్తూనే ఉందని తెల్లారాక లాగ్ చూస్తే తెలిసింది.

మందు ఏంటంటే సోర్స్, టార్గెట్ తీసేసి రిలీజ్ అనే ఆప్షన్‌కి 8 ఇవ్వడం, జేడీకే 9 నుంచి ఉంది, అప్పుడు కంపైలర్ జావా 8 లైబ్రరీలో ఉన్నవే చూస్తుంది. ఇంకా, పాత జావా 8తో కంపైల్ చేసిన జార్‌లు కొత్త జావా మీద ఎందుకు నడుస్తున్నాయో తెలుసా, అదే బ్రిడ్జ్ వల్ల. కొత్త బైట్‌బఫర్‌లో బఫర్‌ని తిరిగిచ్చే ఫ్లిప్ కూడా ఒకటి కంపైలర్ రాసి పెట్టింది, పాత చీటీలు వచ్చి అక్కడ తగులుతాయి.

పైథాన్‌పల్లె:

నేను జావా వదిలేసి చాలా రోజులైంది, పైథాన్ వైపు నుంచి ఒక మాట. అక్కడ హాల్‌టికెట్22 గారికి వచ్చిన బగ్ రావడానికి వీల్లేదు, ఎందుకంటే చీటీలో పేరు ఒక్కటే ఉంటుంది. ఒకే క్లాస్‌లో ఒకే పేరుతో రెండు మెథడ్స్ రాస్తే రెండోది మొదటిదాన్ని చెరిపేస్తుంది, ఓవర్‌లోడ్ అన్నదే లేదు. రన్ అయ్యేటప్పుడు ఆ పేరుని ఆ ఆబ్జెక్ట్ సొంత క్లాస్ డిక్షనరీలో, తర్వాత పై క్లాసుల్లో ఎంఆర్‌ఓ (మెథడ్ వెతికే క్రమం) చెప్పిన వరుసలో వెతుకుతుంది. దీనికి కట్టే వెల వేరే ఉంది, పేరులో ఒక్క అక్షరం తప్పు రాసినా ఆ లైను రన్ అయ్యేదాకా ఎవరూ చెప్పరు. స్పీడు విషయంలో హీప్‌డంప్ గారు చెప్పిన ఇన్‌లైన్ కాష్ ఆలోచన 2022లో వచ్చిన 3.11లో సీపైథాన్‌లోకి (మామూలుగా అందరూ వాడే పైథాన్) బాగా దిగింది, వేడెక్కిన ఇన్‌స్ట్రక్షన్‌ని తనకి కనిపించిన టైపుకి తగ్గట్టు మార్చేసుకుని, పక్కనే ఆ టైపు వెర్షన్ నంబరు రాసుకుంటుంది.

హాల్‌టికెట్22:

డెమో అయింది, బాగా జరిగింది. జావాపీలో స్టూడెంట్ క్లాస్ చూశాను, నిజంగానే కంపేర్‌టు రెండు ఉన్నాయి, నేను రాసింది ఒకటీ, ఆబ్జెక్ట్‌ని తీసుకునేది ఇంకోటీ. వీ ఆప్షన్ ఇస్తే రెండోదాని ఫ్లాగ్స్‌లో బ్రిడ్జ్, సింథటిక్ అని కూడా రాసి ఉంది. లోపల చెక్‌కాస్ట్ చేసి నాదాన్ని పిలుస్తోంది, మొత్తం ఐదు ఇన్‌స్ట్రక్షన్లే.

ఇంటర్‌ఫేస్ గురించి హీప్‌డంప్ గారు రాసింది మా లీడ్ గారికి చూపించాను. జేఎంహెచ్‌తో మా కోడ్ మీదే కొలిచి చూద్దామన్నారు, ఈ వారం ఆ పని నాకే ఇచ్చారు.

ప్రాజెక్ట్ మొత్తం ఈక్వల్స్ అని వెతికితే ఇంకో మూడు క్లాసులు దొరికాయి, మూడింటిలోనూ సొంత టైపునే తీసుకుంటున్నాయి. రెండు నేను రాసినవే. మూడోది ఫీజు రసీదుల క్లాస్, అది నాకన్నా ముందు ఎవరో రాసింది, దాన్నీ ఒక సెట్‌లోనే వేస్తున్నారు. ఓవర్‌రైడ్ పెట్టి కంపైల్ చేస్తే మూడూ ఎర్రర్ ఇచ్చాయి. రెండు సరిచేశాను. రసీదులది మారిస్తే పాత లెక్కలు మారతాయేమో, రేపు అకౌంట్స్ వాళ్లతో కూర్చుని చూడాలి.